ఫిరోజాబాద్ గాజు కొలుములు: ఉద్గారాల తగ్గింపులో ఉమ్మడి కృషి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజు పరిశ్రమ బొగ్గును విడిచి సహజవాయువుకు మారిన వృత్తాంతాన్ని సాధారణంగా తాజ్‌మహల్ పరిరక్షణ వ్యాజ్యంలో ఒక భాగంగా చెబుతారు. ఆ కథనంలో న్యాయస్థానమే ప్రధాన పాత్ర. అయితే ఇంధనం మారడంతో కథ ముగియలేదు. పాత కొలిమిలోనే కొత్త ఇంధనం మండినప్పుడు వృథా అయిన వేడిని అరికట్టడానికి మరో ప్రయత్నం అవసరమైంది. పోటీదారులైన చిన్న పరిశ్రమలు ఒకరిని చూసి ఒకరు కొలిమి నిర్మాణాన్ని మార్చుకోవడం ఆ రెండో ప్రయత్నం. ఈ రెండు దశలను వేరుచేసి పరిశీలించి, ఉమ్మడి కృషి ఎక్కడ ఫలించిందో, ఎవరి గడప దగ్గర ఆగిపోయిందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫిరోజాబాద్, గాజు పరిశ్రమ, తాజ్ ట్రెపీజియం, సహజవాయువు, కర్బన ఉద్గారాలు, చిన్న పరిశ్రమల సముదాయం, కొలిమి మేస్త్రీలు, ఇంటిపనివారు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘గాజు’ అనే మాట ఒక పదార్థానికీ, ఆ పదార్థంతో చేసిన ఆభరణానికీ కూడా పేరు. దీపపు బుడ్డి గాజే, ముత్తయిదువ చేతికి తొడుక్కొనేదీ గాజే. మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన గాజులవాళ్లు తెలుగువారి పేరంటాలకూ, పెళ్లిళ్లకూ, సీమంతాలకూ ఆత్మీయులు. గాజు రంగు గురించీ, గలగల గురించీ, అది చిట్లితే కలిగే అశుభశంక గురించీ తెలుగు సమాజంలో ఎంతో చెప్పుకొన్నారు. ఆ గాజును కరిగించిన నిప్పు గురించి మాత్రం చెప్పుకొన్నది తక్కువ.

ఆ నిప్పు ఎక్కువగా మండేది ఫిరోజాబాద్‌లో. ఆగ్రాకు తూర్పున, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం భారతదేశంలో గాజుల తయారీకి అతిపెద్ద కేంద్రం. 1989లో ఇది ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైంది. ఇక్కడి పరిశ్రమ ఒక పెద్ద కర్మాగారం కాదు. వేర్వేరు యజమానుల చేతుల్లో ఉన్న చిన్న, మధ్యతరహా కొలుముల సముదాయం. వాటి చుట్టూ వేలాది ఇళ్లలో సాగే చేతిపని. ఒకే సరుకు, ఒకే బజారు, ఒకే ముడిసరుకు, ఒకే ఇంధనం. అందువల్ల ఒకరికొకరు పొరుగువారు, అదే సమయంలో ప్రత్యర్థులు కూడా.

ఇటువంటి సముదాయం తన కర్బన ఉద్గారాలను ఉమ్మడిగా ఎలా తగ్గించుకోగలదన్నది నేటి పారిశ్రామిక విధానం ముందున్న ప్రశ్న. చిన్న పరిశ్రమకు సొంత ఇంజినీరు ఉండడు, ప్రయోగశాల ఉండదు, ప్రయోగం విఫలమైతే తట్టుకొనే మూలధనం ఉండదు. ఫిరోజాబాద్ అనుభవం ఈ ప్రశ్నకు ఒక చారిత్రక సమాధానాన్ని అందిస్తుంది. ఆ సమాధానంలో విజయం ఎంత ఉందో, లోపం కూడా అంత ఉంది.

2. కొలిమి – దాని స్వభావం:

జరిగిన మార్పును గ్రహించాలంటే ముందు కొలిమిని గ్రహించాలి. ఇసుక, సోడా బూడిద, సున్నపురాయి వంటి పదార్థాలను, పగిలిన గాజుపెంకులతో కలిపి కరిగించడమే గాజు తయారీలో మొదటి మెట్టు. ఇందుకు 1300 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావాలి. ఫిరోజాబాద్‌లో ఇందుకు ప్రధానంగా రెండు రకాల కొలుములు వాడుకలో ఉన్నాయి. ఒకటి తొట్టికొలిమి. ఇందులో పెద్ద మొత్తంలో ఒకే రకం గాజు కరుగుతుంది. రెండోది మూసకొలిమి. ఒకే నిప్పు చుట్టూ వలయంగా అమర్చిన మట్టిమూసల్లో, ఒక్కో మూసలో ఒక్కో రంగు గాజు కరుగుతుంది. రంగుల వైవిధ్యమే ప్రాణమైన గాజుల వ్యాపారానికి మూసకొలిమి తప్పనిసరి.

మూసకొలిమికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. ఒకసారి రాజేసిన తరువాత దానిని రాత్రింబవళ్లు వేడిగానే ఉంచాలి. చల్లారితే మూసలు పగులుతాయి. కాబట్టి సరుకుకు గిరాకీ ఉన్నా లేకున్నా ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. కొలిమి లోపలి ఇటుకలు అరిగి, పునర్నిర్మాణం తప్పనిసరైనప్పుడు మాత్రమే దాని ఆకృతిని మార్చడానికి వీలు చిక్కుతుంది. ఆ అవకాశం జారిపోతే మళ్లీ కొలిమి ఆరేదాకా వేచి ఉండవలసిందే. ఇక్కడ సాంకేతిక మార్పు వేగాన్ని యజమాని ఇష్టాయిష్టాల కంటే కొలిమి ఆయువే ఎక్కువగా నిర్ణయించింది.

ఈ కొలుములను కట్టినది పట్టభద్రులైన ఇంజినీర్లు కారు, వంశపారంపర్యంగా విద్య నేర్చిన మేస్త్రీలు. వారి వద్ద నక్షాలు లేవు. కొలతలు చేతివేళ్లలో, అనుభవంలో ఉండేవి. వేడిని మంట రంగును బట్టి గుర్తించేవారు. ఒక మేస్త్రీ కట్టిన కొలిమి బాగా పనిచేస్తే పక్క యజమాని అతనినే పిలిచేవాడు. ఈ వ్యవస్థ నేర్పును కాపాడింది. అయితే పొగగొట్టం గుండా ఎంత వేడి పోతున్నదో లెక్కించే సాధనం అందులో లేదు.

3. తాజ్ వ్యాజ్యం – ఇంధనం మార్పు:

ఈ కొలుములన్నీ మొదట బొగ్గుతో మండేవి. ఆ పొగ జాతీయ చర్చకు రావడానికి కారణం గాజు కాదు, పాలరాయి. మథురలో చమురుశుద్ధి కర్మాగారం నిర్మించాలన్న ప్రతిపాదన సందర్భంగా, దానివల్ల ఆగ్రా కట్టడాలకు కలిగే ముప్పును పరిశీలించడానికి ఎస్. వరదరాజన్ అధ్యక్షతన 1970ల్లో ఒక నిపుణుల సంఘం ఏర్పడింది. శుద్ధి కర్మాగారం మాత్రమే కాక, ఆ ప్రాంతంలో అప్పటికే ఉన్న బొగ్గు వాడకందారులు కూడా సమస్యలో భాగమేనన్న విషయం ఆ చర్చలో తేలింది. బొగ్గులోని గంధకం మండితే సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై పాలరాతిని తింటుంది.

1984లో న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆగ్రా, ఫిరోజాబాద్, మథుర తదితర ప్రాంతాలతో పాటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌ను కూడా కలుపుకొన్న సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతం ‘తాజ్ ట్రెపీజియం’గా గుర్తింపు పొందింది. జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఫైజాన్ ఉద్దీన్‌ల ధర్మాసనం 1996 డిసెంబరు 30న తీర్పు వెలువరించింది. తొలి విడతగా 292 పరిశ్రమలను పేర్కొని, సహజవాయువుకు మారాలనీ, లేకుంటే ఆ మండలం వెలుపలికి తరలిపోవాలనీ ఆదేశించింది. సుస్థిర అభివృద్ధి, ముందుజాగ్రత్త సూత్రం అనే భావనలను ఆధారంగా తీసుకొన్న ఈ తీర్పు భారత పర్యావరణ న్యాయచరిత్రలో ఒక మైలురాయి. హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ గొట్టపుమార్గం నుంచి భారత గ్యాస్ ప్రాధికార సంస్థ సరఫరా చేసిన వాయువు ఫిరోజాబాద్ కొలుములకు చేరింది. బొగ్గు కాలం ముగిసింది.

ఈ ఘట్టంలో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1992లోనే రూపొందినా, ఫిరోజాబాద్‌ను కదిలించినది కర్బన చింత కాదు. ఒక కట్టడం పట్ల గౌరవం, గంధకం పట్ల భయం. కర్బన ఉద్గారాల తగ్గుదల దాని వెంట వచ్చిన ఫలితం. రెండవది, ఆదేశం అందరికీ ఒకేసారి వర్తించింది. ఏ ఒక్క యజమానో ముందుగా ఖరీదైన ఇంధనానికి మారితే పొరుగువాడి బొగ్గుసరుకు ముందు ధరలో ఓడిపోతాడు. అందరూ ఒకేసారి మారవలసివస్తే ఆ భయం ఉండదు. స్వచ్ఛందంగా కుదరని సమానత్వాన్ని న్యాయస్థానం నిర్బంధంగా కల్పించింది.

4. పాత కొలిమి, కొత్త మంట:

ఇంధనం మారినంత మాత్రాన కొలిమి మారలేదు. గడువు దగ్గరపడిన తొందరలో అనేకమంది యజమానులు బొగ్గు కోసం కట్టిన కొలిమికే వాయువు బర్నర్లను అమర్చుకొన్నారు. ఉత్పత్తి ఆగలేదు. కానీ పొగగొట్టం గుండా పోయే వేడి పోతూనే ఉంది.

ఈ దశలోనే ఒక పరిశోధన ప్రయత్నం ప్రాముఖ్యం సంతరించుకొంది. ఢిల్లీలోని టాటా ఎనర్జీ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (2003 నుంచి ఎనర్జీ అండ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, రెండు పేర్లకూ పొట్టి రూపం టెరి) స్విట్జర్లాండ్ ప్రభుత్వ అభివృద్ధి, సహకార సంస్థతో కలిసి 1990ల్లో దేశంలోని చిన్న పరిశ్రమల ఇంధన వినియోగంపై కృషి ప్రారంభించింది. హౌరా పోతపని కొలుములు, ఇటుక బట్టీలు, ఫిరోజాబాద్ గాజు కొలుములు ఆ కార్యక్రమంలో భాగాలు. కొలిమి రూపకల్పనలో బ్రిటన్‌కు చెందిన బ్రిటిష్ గ్లాస్ నిపుణుల సహకారం తీసుకొన్నారు. మొదట బొగ్గు కొలిమినే మెరుగుపరచాలన్న ఆలోచనతో మొదలైన పని, న్యాయస్థానం ఆదేశం తరువాత సహజవాయువు కొలిమివైపు మళ్లింది.

కొత్త నమూనాలోని కీలక సూత్రం సరళమైనది. కొలిమి నుంచి బయటకు పోయే వేడి పొగవాయువు, రిక్యుపరేటర్ అనే లోహపు అమరిక గుండా పోతుంది. అదే అమరికలో మరో మార్గాన లోపలికి వచ్చే గాలి ఆ వేడిని గ్రహిస్తుంది. ముందే వేడెక్కిన గాలితో మండిన వాయువు తక్కువ పరిమాణంలోనే కావలసిన ఉష్ణోగ్రతను ఇస్తుంది. వాయువు బిగించిన పాత కొలుములతో పోలిస్తే ఈ నమూనాలో ఇంధన వినియోగం సుమారు మూడో వంతు తగ్గింది. బొగ్గు కొలుములతో పోలిస్తే తగ్గుదల దాదాపు సగం.

ఈ రెండు మార్పులను కర్బన భాషలోకి మార్చి చూస్తే వాటి పాత్రలు స్పష్టపడతాయి. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం మార్గదర్శకాల ప్రకారం, ఒక గిగాజౌల్ వేడి కోసం మండించిన బొగ్గు నుంచి దాదాపు 95 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడితే, సహజవాయువు నుంచి సుమారు 56 కిలోగ్రాములు వెలువడుతుంది. అంటే అదే వేడికి ఇంధనం మార్పు ఒక్కటే సుమారు నలభై శాతం ఉద్గారాలను తగ్గిస్తుంది. మిగిలిన దానిలో మూడో వంతును కొలిమి మార్పు తగ్గిస్తుంది. మొదటిది తీర్పు ఫలితం. రెండవదానికి ఏ తీర్పూ లేదు. సోడా బూడిద, సున్నపురాయి కరిగేటప్పుడు వాటి నుంచే వెలువడే వాయువును ఈ రెండూ తాకలేదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం.

5. పోటీదారులు ఎలా కలిశారు?

కొత్త కొలిమిని ఎవరు మొదట కట్టుకొంటారన్నది కఠినమైన ప్రశ్న. విఫలమైతే మూసలు, సరుకు, కూలి, కొనుగోలుదారులు – అన్నీ పోతాయి. సఫలమైతే ఆ లాభం పొరుగువారికి ఉచితంగా అందుతుంది. ఇటువంటి స్థితిలో ప్రతి యజమానీ మరొకరు మొదలుపెట్టాలని ఎదురుచూడడం సహజం. ఒక కర్మాగారంలో ప్రదర్శన కొలిమిని నిర్మించి, దాని నష్టభయాన్ని ప్రాజెక్టు పంచుకోవడం ద్వారా ఈ చిక్కుముడి వీడింది. 2000 ప్రాంతంలో ఆ కొలిమి పనిచేయడం మొదలైంది.

ఆ తరువాత జరిగిన వ్యాప్తిలో ఉపన్యాసాలకంటే వాయువు బిల్లు ఎక్కువ పనిచేసింది. ఒకే రకం సరుకు చేసే ఇద్దరిలో ఒకరి బిల్లు తగ్గితే ఆ సంగతి దాగదు. నమూనా ఒక కంపెనీ రహస్యంగా మిగలకపోవడం మరో కారణం. నక్షాలు అందించి, స్థానిక మేస్త్రీలకూ, లోహపు అమరికలు తయారుచేసేవారికీ శిక్షణ ఇచ్చారు. ఫలితంగా, మునుపు కొలతలను వేళ్లపై దాచుకొన్న మేస్త్రీయే కొత్త విద్యకు వాహకుడయ్యాడు. ఒక కర్మాగారంలో నేర్చినదానిని మరో కర్మాగారానికి మోసుకుపోయినవాడు అతడే. తరువాతి దశాబ్దంలో పట్టణంలోని మూసకొలుముల్లో అధికభాగం కొత్త నమూనాకు మారాయి.

దీనిని డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్ అనుభవంతో పోల్చి చూడడం ఉపయుక్తం. పారిశ్రామిక సహకారాన్ని గురించి రాసే ప్రతివారూ ఉదహరించే పట్టణం అది. అక్కడ 1961లో తిస్సో సరస్సు నీటిని శుద్ధి కర్మాగారానికి తెచ్చుకోవడంతో మొదలై, 1972లో ఆ కర్మాగారపు మిగులు వాయువు జిప్సం పలకల పరిశ్రమకు, 1980ల తొలినాళ్లలో విద్యుత్కేంద్రపు వేడి పట్టణంలోని ఇళ్లకు చేరాయి. దీనికి ‘పారిశ్రామిక సహజీవనం’ అనే పేరు 1989లో గాని రాలేదు. అక్కడ కలిసినవి భిన్నమైన పరిశ్రమలు. ఒకరి వ్యర్థం మరొకరికి ముడిసరుకు. వారి మధ్య పోటీ లేదు. ఫిరోజాబాద్‌లో అందరి వ్యర్థం ఒకటే, అందరి అవసరం ఒకటే. ఇచ్చిపుచ్చుకోవడానికి పదార్థం లేదు. ఇచ్చిపుచ్చుకోగలిగినది జ్ఞానం మాత్రమే. అది పోటీదారుకు ఇవ్వడానికి మనిషి సులభంగా ఒప్పుకోడు. అందుకే కాలుండ్‌బోర్గ్‌లో రెండు పరిశ్రమల ఒప్పందం సరిపోయినచోట, ఫిరోజాబాద్‌లో ఎవరి పక్షమూ కాని మూడో వ్యక్తి – పరిశోధన సంస్థ – అవసరమైంది. భారతదేశంలోని చిన్న పరిశ్రమల సముదాయాలకు కాలుండ్‌బోర్గ్‌ను ఆదర్శంగా చూపే రచనలు ఈ భేదాన్ని విస్మరించరాదు.

6. గడప దాటని నిప్పు:

పై కథనం ఇక్కడ ముగిస్తే అది అసంపూర్ణం. కొలిమి నుంచి వచ్చిన గాజు ఇంకా చేతిగాజు కాదు. కరిగిన గాజును తిరిగే కడ్డీపై సర్పిలంగా చుట్టి, ఆ చుట్టను కోస్తే కొసలు కలవని వలయాలు వస్తాయి. ఆ వలయాలు కట్టలుగా ఇళ్లకు చేరతాయి. అక్కడ చిన్న మంటపై వాటిని చదును చేసే పనిని ‘సధాయీ’ అనీ, కొసలను కరిగించి అతికే పనిని ‘జుడాయీ’ అనీ అంటారు. ఎక్కువగా స్త్రీలు ఈ పని చేస్తారు. పిల్లల శ్రమ కూడా ఇందులో కలిసిందన్నది ఈ పరిశ్రమపై చిరకాలంగా ఉన్న అభియోగం. గాలి తగిలితే మంట చెదురుతుంది కనుక గది మూసి ఉండాలి. కిరోసిన్ మంట, వంగిన వెన్ను, కట్టకు ఇంతని కూలి – ఇది ఆ గది చిత్రం.

1996 తీర్పు కార్మికులను మరువలేదు. తరలిపోయే పరిశ్రమల్లోని వారికి ఉద్యోగ నిరంతరత, ఒక సంవత్సరం వేతనాన్ని తరలింపు బోనసుగా ఇవ్వడం వంటి రక్షణలు అందులో ఉన్నాయి. కానీ ఆ రక్షణలకు ఆధారం యజమాని, కార్మికుడు అనే సంబంధం. ఇంట్లో కూర్చొని కట్టలెక్కన పనిచేసే స్త్రీకి యజమాని పేరున్న కాగితం ఉండదు. కర్మాగారానికి గొట్టం ద్వారా వాయువు వచ్చినప్పుడు ఆమె గదిలోని దీపం తీర్పు లెక్కలోకి రాలేదు. పరిశోధన సంస్థ కృషి తరువాతి కాలంలో గాజులకు రంగు పట్టించే చిన్న ‘పకాయీ’ బట్టీల వైపూ, ఇంటిపనివారి స్వయంసహాయక సంఘాల వైపూ విస్తరించింది. అయితే కొలిమి విషయంలో సాధించిన వ్యాప్తితో దానిని సమానంగా చూడలేము.

దీనికి కారణం ఉద్గారాలను కొలిచే పద్ధతిలోనే ఉంది. కొలిమి ఒక్కటే పెద్ద నిప్పు. దానికి మీటరు ఉంది, బిల్లు ఉంది, పొదుపుకు ప్రతిఫలం ఉంది. ఇంటిదీపాలు వేలకొద్దీ చిన్న నిప్పులు. వాటి మొత్తం కర్బనం స్వల్పంగా కనిపించవచ్చు. కానీ ఆ పొగ పీల్చే ఊపిరితిత్తులకు అది స్వల్పం కాదు. టన్నుల లెక్క మాత్రమే ప్రమాణమైతే, ఉత్పత్తిలో సగభాగాన్ని మోసే మనుషులు సహకారం అనే మాటకు బయటే మిగిలిపోతారు. ‘స్థానిక ఉత్పత్తిదారులు కలిసి పనిచేయడం’ అన్నప్పుడు ఉత్పత్తిదారు ఎవరన్న ప్రశ్నకు ఫిరోజాబాద్ చరిత్ర ఇచ్చిన సమాధానం పాక్షికమే.

7. తెలుగు ప్రాంతాలకు అన్వయం:

ఈ చరిత్ర తెలుగువారికి గాజుల ద్వారా మాత్రమే సంబంధించినది కాదు. 2007 తరువాత కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చిన్న పరిశ్రమలను విడివిడిగా కాక సముదాయాలుగా చూసే కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు, తెలుగు ప్రాంతాల నుంచి భీమవరం ఐసు కర్మాగారాలు, ఉభయ గోదావరి జిల్లాల అగ్నినిరోధక ఇటుకల పరిశ్రమలు, వరంగల్లు బియ్యపు మిల్లులు అందులో చోటుచేసుకొన్నాయి. ఇవన్నీ ఫిరోజాబాద్ వంటివే. ఒకే సరుకు, ఒకే బజారు, ఒకరి వెనుక ఒకరు నేర్చుకొన్న పనివిధానం. భీమవరంలో అమ్మోనియా యంత్రాన్ని నడిపే మెకానిక్కు, గోదావరి తీరాన బట్టీ కట్టే మేస్త్రీ, వరంగల్లులో ధాన్యం ఉడికించే బాయిలరు పనివాడు – వీరే అక్కడి జ్ఞానవాహకులు. యజమానుల సంఘాలతో ఒప్పందాలు చేసుకొని ఈ పనివారిని పక్కన పెట్టిన పథకం, నివేదికగా మిగిలే ప్రమాదం ఉంది.

8. ముగింపు:

ఫిరోజాబాద్‌లో ఉద్గారాలు రెండు విధాలుగా తగ్గాయి. ఆదేశం వల్ల ఇంధనం మారింది, అనుకరణ వల్ల కొలిమి మారింది. ఆదేశం లేకుంటే ఎవరూ మొదటి అడుగు వేసేవారు కారు. నష్టభయాన్ని పంచుకొన్న సంస్థ, దాపరికం లేని నమూనా, నేర్చుకొన్న మేస్త్రీ లేకుంటే రెండో అడుగు పడేది కాదు. ఈ రెండింటిలో మొదటిదానికి తీర్పు ప్రతి ఉంది, తేదీ ఉంది, న్యాయమూర్తుల పేర్లున్నాయి. రెండవదానిని నడిపిన మేస్త్రీల పేర్లు ఆ తీర్పు ప్రతిలో దొరకవు. చిన్న పరిశ్రమల పర్యావరణ చరిత్రను రాయదలచిన పరిశోధకులు న్యాయస్థాన పత్రాలతో తృప్తిపడక, ఈ మేస్త్రీల మౌఖిక జ్ఞాపకాలను, ఇంటిగదుల్లో గాజు కొసలు కలిపిన స్త్రీల అనుభవాలను సేకరించవలసిన అవసరం ఉంది. కొలిమి మారిన తరం మేస్త్రీలలో పలువురు ఇప్పటికే వృద్ధులు. ఆ సేకరణకు మిగిలిన సమయం ఎక్కువ లేదు.